ఖాళీ స్వాధీనం

లక్డీకాపూల్‌లో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. రైలు పట్టాలకూ సైఫాబాదు రోడ్డుకూ మధ్య ఒక సన్నని సందులో ఉన్న పాత ఇల్లు. గోడలకు కొత్త లప్పం, కొత్త రంగు. నేలకు ముఖం కనిపించే పలకలు. వరండా చువ్వలు తీసేసి అద్దాలు బిగించారు. ‘పూర్తిగా రినొవేట్ చేసిన ఇండిపెండెంట్ ఇల్లు అమ్మబడును, బ్రోకర్లు సంప్రదించవద్దు’ అని గేటుకు బోర్డు కట్టారు. ఆ బోర్డు కట్టినవాడు బ్రోకరే అని తరవాత తెలిసింది.

ఈ ఇంటి గురించి రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. 1979 నుంచి 1984 దాకా అయిదేళ్లు ఆ ఇంటి వెనకవైపు రెండు గదుల వాటాలో నేను అద్దెకున్నాను. రెండోది, ఆ ఇంటిని కొనదలచినవాడు నా మిత్రుడి కొడుకు. జపాన్‌లో కంప్యూటరు ఉద్యోగం చేసి పన్నెండేళ్లకు తిరిగొచ్చాడు. ఇంటి పాత దస్తావేజులు ఉర్దూలో ఉన్నాయని, నాకు ఉర్దూ చదవడం వచ్చు గనక ఒకసారి చూసిపెట్టమని కాగితాల కట్ట తెచ్చాడు. “లాయరు చూసిండు బాబాయ్, అంతా క్లియర్ అన్నడు. నువ్వు గూడ ఒకసారి చదివి చెప్పు” అన్నాడు. చదివాను. లాయరు చెప్పింది నిజమే, హక్కుకు సంబంధించి ఎక్కడా చిక్కు లేదు. కాని ఆ కాగితాల్లో ప్రతి అమ్మకం దగ్గరా ఒకే మాట మళ్లీ మళ్లీ కనపడింది. ఆ మాట గురించే ఈ వ్యాసం.

ముందు ఈ పేట సంగతి కొంచెం చెప్పుకోవాలి. లక్డీ కా పుల్ అంటే కట్టె వంతెన. తెలుగులో రాసేటప్పటికి పుల్ కాస్తా పూల్ అయి, వంతెన పోయి పువ్వుల వాసన తగిలింది. ఆ కట్టె వంతెన ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. 1888లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హుస్సేన్ సాగర్ పక్కన సైఫాబాదు పాలెస్ కట్టించాడు. 1903లో సైఫాబాదులో టంకశాల వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషను కట్టారు, దానికి వచ్చే పట్టాలు లక్డీకాపూల్ మీదుగా వేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద పాతనగరాన్ని ముంచి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. 1911లో ప్లేగు వచ్చింది. ఈ రెంటి తరవాత తాహతు ఉన్నవాళ్లు నదికి ఉత్తరాన, మెరకన, గాలి వెలుతురు ఉన్నచోట ఇళ్లు కట్టుకోవడం జోరుగా సాగింది. తాహతు లేనివాళ్ల సంగతి చూడటానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను కొట్టేసి రోడ్లు వేయడం, మల్లేపల్లి వంటి చోట్ల వరస ఇళ్లు కట్టి అద్దెకివ్వడం ఆ బోర్డు పని. మొజంజాహి మార్కెట్టు కూడా ఆ బోర్డు కట్టించిందే.

నిజాం కాలపు పట్టణాభివృద్ధిని మెచ్చుకునేవాళ్లు ఈ బోర్డును దయాధర్మంగా చూపిస్తారు. బోర్డు కట్టిన ఇళ్లు గట్టివే, కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దాన్ని కాదనడానికి వీల్లేదు. అయితే 1872లో ఎంగెల్స్ ఇళ్ల సమస్య మీద రాసిన వ్యాసాల్లో ఒక విషయం స్పష్టం చేశాడు. పాలకవర్గాలు మురికివాడను ఒకచోట తొలగించినప్పుడు అది మాయం కాదు, మరోచోట తేలుతుంది. లక్డీకాపూల్ చుట్టూ బంగళాలు లేస్తున్నప్పుడు ఆ బంగళాల్లో వంట చేసేవాళ్లు, గుర్రాలు చూసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఎక్కడున్నారు? అదే ఆవరణలో వెనకాల, రేకుల కిందనో పెంకుల కిందనో ఉన్నారు. దస్తావేజులో వాళ్లకు చోటు లేదు.

కట్టలో మొదటి కాగితం 1345 ఫస్లీది, అంటే 1935–36. నిజాం సర్కారులో ఒక మధ్యరకం అధికారి దాదాపు 600 గజాల స్థలం కొన్నాడు. పేర్లు రాయను, వాళ్ల సంతతి ఇంకా ఈ నగరంలోనే ఉన్నారు. నాలుగు వైపుల హద్దులు, హాలీ సిక్కాలో ధర, సాక్షుల సంతకాలు. ఇల్లు ఆ తరవాత రెండు మూడేళ్లలో లేచి ఉండాలి. నేను ఉన్నప్పటికి కూడా అది కట్టినవాడి చేతి గుర్తులు పోగొట్టుకోలేదు. గానుగలో ఆడించిన సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలు. ఇనుప గర్డర్ల మీద రాతి పలకలు పరిచి వేసిన కప్పు. నేలకు షాబాదు బండలు. ఆ బండలు గుల్బర్గా జిల్లా నుంచి వాడి మీదుగా రైల్లో దిగేవి. అప్పట్లో అదంతా ఒకే రాజ్యం. ఇవాళ షాబాదు కర్ణాటకలో ఉంది. మే నెలలో పగలు కూడా ఆ గదుల్లో పంకా లేకుండా పడుకోగలిగేవాళ్లం. ఆ బండల మీదే ఇప్పుడు సిమెంటు పోసి మెరిసే పలకలు అంటించారు.

రెండో దస్తావేజు 1951 నాటిది, ఉర్దూలోనే. ఇది చదువుతున్నప్పుడు నాకు చెయ్యి ఆగింది. ఆ మూడేళ్లలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే గాని ఆ కాగితం అర్థం కాదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. దాని వెంట జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ సంఘం 27 వేల నుంచి 40 వేల దాకా ప్రాణనష్టం అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. 1949 ఫిబ్రవరిలో నిజాం సొంత ఖాసా భూములైన సర్ఫెఖాస్‌ను ప్రభుత్వంలో కలిపేశారు. ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ల రద్దు ప్రజలు కోరుకున్నదే, అందులో రెండో మాట లేదు. కాని జాగీర్దారుతో పాటు అతడి గుమాస్తా, అతడి వంటవాడు, రద్దయిన సైన్యంలోని మామూలు సిపాయి, ఉర్దూ తప్ప మరో దఫ్తరు భాష రాని చిన్న ఉద్యోగి కూడా రోడ్డున పడ్డారు. భూస్వామ్యం మీద దెబ్బ అని మనం సంతోషించిన చోట, ఆ దెబ్బ ఎవరెవరి వీపు మీద పడిందో మన విమర్శకులు లెక్క చూడలేదు. ఈ లెక్క కొంతైనా చూసినవాడు నెల్లూరి కేశవస్వామి. ‘చార్మినార్’ కథల్లో ఆ కాలపు హైదరాబాదు కుటుంబాలను లోపలినుంచి చూపించాడు. ఆయనకు దక్కవలసినంత చర్చ మన పత్రికల్లో దక్కలేదని నా అభిప్రాయం.

ఆ 1951 కాగితంలో అమ్మేవాడు ఇల్లు కట్టిన అధికారి కొడుకు. బేగంబజారు వర్తకుడికి అమ్ముతున్నాడు. ధర, హద్దులు అన్నీ మామూలే. మధ్యలో ఒక పేరా ఉంది. ‘నేను దేశం వదిలి పోయినవాణ్ణి కాను, పోయే ఉద్దేశం ఉన్నవాణ్ణి కూడా కాను’ అని అమ్మేవాడు ప్రమాణం చేస్తున్నాడు. కాందిశీక ఆస్తుల 1950 చట్టం తెలియనివాళ్లకు ఇది వింతగా తోస్తుంది. పాకిస్తానుకు వెళ్లినవాళ్ల ఆస్తి కస్టోడియన్ చేతికి పోతుంది. అంతేకాదు, వెళ్లే ఉద్దేశం ఉన్నవాడు అని ఒక తరగతిని కూడా ఆ చట్టం సృష్టించింది. ఉద్దేశాన్ని ఎవరు నిర్ణయిస్తారు? సహజంగానే కొనేవాడు భయపడతాడు, ప్రమాణం రాయించుకుంటాడు, ఆ భయం పేరు మీద ధర తగ్గిస్తాడు. తండ్రి కట్టిన ఇంట్లో, తాను పుట్టిన ఊళ్లో కూర్చుని ఒక మనిషి ‘నేను ఎక్కడికీ పోవడం లేదు’ అని రాసిచ్చి, ఆ రాసిచ్చిన కాగితంతోనే ఇల్లు వదిలి పోయాడు. ఆ పేరా కింద, ఇంటిని ‘ఖాలీ కబ్జా’ తో అప్పగించినట్లు రాసి ఉంది. ఖాళీ స్వాధీనం అన్న మాట. కబ్జా అంటే ఉర్దూలో స్వాధీనం, అందులో తప్పేమీ లేదు. అదే మాటకు ఈ నగరపు తెలుగులో ఇప్పుడు ఏ అర్థం స్థిరపడిందో అందరికీ తెలుసు.

ఎదురింటి కథ ఇంకో రకం. మా సందులోనే అవతలి వైపు పెద్ద ఇల్లు. దాన్ని కూడా అదే కాలంలో కొన్నారు. కొన్నవాళ్లు నల్లగొండ వైపు దేశ్‌ముఖులు. తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) నడిచిన పల్లెల్లో గడీలు ఖాళీ చేసిన దొరలు చాలామంది పట్నం చేరారు. పల్లెలో రైతులు భూమి పంచుకున్నారు. దొర సైన్యం వెంట తిరిగి వెళ్లి ఆ భూమి చాలావరకు మళ్లీ లాక్కున్నాడు, కాని కాపురం మాత్రం పట్నంలోనే పెట్టాడు. నేనున్న రోజుల్లో కూడా ఆ ఇంటికి ఏటా ఊరినుంచి బియ్యం బస్తాలు దిగేవి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మరుసటి నెల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరవాత ఆ ఇంటికి కరీంనగర్ చుట్టాలు కూడా వచ్చి చేరారు. పల్లెలో వర్గపోరాటం పెరిగినప్పుడల్లా లక్డీకాపూల్‌లో ఇళ్లకు గిరాకీ పెరగడం నేను కళ్లారా చూశాను. మన భూసమస్య చర్చల్లో పట్నపు ఇంటిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోము. పల్లె మిగులు ఎక్కడ గట్టిపడుతుందో చూడాలంటే ఇటువంటి గోడలను కూడా చదవాలి.

మూడో దస్తావేజు 1961 నాటిది. భాష ఇంగ్లీషుకు మారింది, టైపు కొట్టారు. కొన్నవాడు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన సచివాలయ ఉద్యోగి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు దఫ్తరులు గుడారాల్లో నడిచాయి. ఆ గుడారాల్లో మూడేళ్లు పనిచేసినవాళ్లు 1956 నవంబరు 1 తరవాత హైదరాబాదు వచ్చి పాలెస్‌లో కూర్చున్నారు. నడిచిపోయేంత దూరంలో ఇల్లు దొరికితే ఎవరు కాదంటారు? ఆయన మంచి మనిషి, అద్దె రెండు రోజులు ఆలస్యమైనా అడిగేవాడు కాదు. ఇక్కడ వ్యక్తుల మంచిచెడ్డల ప్రసక్తి లేదు. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలను ప్రాంతీయ సంఘం అదుపులో ఉంచాలన్నది. నగరంలోని ఇళ్ల గురించి అందులో ఊసు లేదు. ఉద్యోగాల మీద ముల్కీ నిబంధనల తగాదా 1952 నుంచీ నడిచి 1969లో కాల్పుల దాకా వెళ్లింది. ఆ మృతుల స్థూపం ఈ ఇంటికి పది పన్నెండు నిమిషాల నడకలో, గన్‌పార్కులో ఉంది. ఉద్యోగం ఎవరికి వచ్చిందన్నది జనం అడిగారు. ఆ ఉద్యోగం వెంట వచ్చిన ఇల్లు, ఇంటి కింద నేల, ఆ నేల ధర ఎవరికి పోయాయో అంత గట్టిగా అడగలేదు. బేగంబజారు వర్తకుడు పదేళ్లలో సంపాదించింది తక్కువేమీ కాదు, అతడు ఏ ప్రాంతం లెక్కలోకీ రాలేదు.

ఈ ఇంగ్లీషు కాగితంలోనూ అదే మాట. ‘ఖాళీగా, శాంతియుతంగా స్వాధీనపరచడమైనది.’

అప్పుడు ఇల్లు ఖాళీగా లేదు. ఆ సంగతి నాకు 1979లోనే తెలుసు. వెనకాల బావి పక్కన ఒక రేకుల గది. అందులో ఒక ముసలామె, ఆమె మనవడు ఉండేవాళ్లు. అందరూ ఆమెను నానీమా అనేవాళ్లం. ఇల్లు కట్టిన అధికారి కాలంలో ఆమె తల్లి ఆ ఇంట్లో వంటమనిషి. ఆమెకు ఆ రేకుల గదిలోనే పెళ్లయింది. భర్త రజ్వీ పేరు కూడా ఎరగని మామూలు చప్రాసీ, 1949లో నౌకరీ పోయి రెండేళ్లకు చనిపోయాడు. యజమాని కొడుకు ఇల్లు అమ్మి పోయినప్పుడు ఈమెను వెంట తీసుకుపోలేదు. వర్తకుడు ఆమెను ఉండనిచ్చాడు, గోదాము కాపలాకు పనికొస్తుందని. సచివాలయ ఉద్యోగి ఉండనిచ్చాడు, పిల్లలకు స్నానాలు పోయడానికి. ఒకసారి నేను అడిగాను, ఇంటి అమ్మకాలప్పుడు భయం వేయలేదా అని. “ఇల్లు అమ్ముడుపోయింది బేటా, మేము కాదు గదా” అన్నది. ఆమె ముందు మూడో దస్తావేజు మీద సంతకాలయ్యాయట, టీ ఆమే పోసిందట.

1984లో మా వంతు వచ్చింది. 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం ప్రకారం అద్దెదారును ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదు. అద్దె ఎగ్గొట్టాలి, లేదా యజమానికి సొంతానికి అవసరం కావాలి, ఇట్లా కొన్ని కారణాలుండాలి. పన్నెండో సెక్షను మరో దారి చూపిస్తుంది. మరమ్మతు చేయాలన్నా, కూల్చి కొత్తగా కట్టాలన్నా, మనుషులు లోపల ఉండగా పని సాగదని కంట్రోలరుకు నమ్మకం కలిగితే ఖాళీ చేయించవచ్చు. మరమ్మతు అయ్యాక ఆ అద్దెదారుకే తిరిగి ఇస్తానని యజమాని హామీ రాసివ్వాలి. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. మాకు నోటీసు ఆ సెక్షను కింద వచ్చింది. పెద్దాయన అప్పటికే పోయాడు, వ్యవహారం కొడుకులది. గోడకు బీట ఉన్న మాట నిజం, నాకూ తెలుసు. నేను మూడు నెలల గడువు అడిగి మల్లేపల్లిలో వేరే వాటా చూసుకున్నాను. మరమ్మతు పేరున సున్నం వేశారు, కిటికీలు మార్చారు, అద్దె మూడింతలు చేసి ఒక కంపెనీ దఫ్తరుకు ఇచ్చారు. తిరిగి ఇస్తామన్న హామీని పట్టుకుని నేను కోర్టుకు పోలేదు. ఆ పని చేయవలసింది. చేయలేదు. గుమాస్తా ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, వకీలు ఫీజు – ఈ సాకులు అందరివీ. కనీసం నా పేరున అద్దె రసీదులుండేవి. నానీమాకు అవి కూడా లేవు. ఆమె ఏ చట్టం కింద అద్దెదారు కాదు, ఏ సెక్షను కిందా ఆమెకు నోటీసు ఇవ్వనక్కర్లేదు. ఒక ఆదివారం రిక్షాలో రెండు ట్రంకు పెట్టెలతో ఏసీగార్డ్స్ వైపు పోయింది. నేను రిక్షా దాకా పెట్టె మోశాను. ఆ తరవాత ఆమెను చూడలేదు.

మరమ్మతు అనే మాట ఎంత అమాయకంగా వినిపిస్తుందో, దాని చేత ఎంత పని చేయించవచ్చో అప్పుడు తెలిసింది.

1976లో వచ్చిన పట్టణ భూపరిమితి చట్టం గురించి చాలామంది ఆశ పెట్టుకున్నారు. హైదరాబాదుకు పరిమితి వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు 1,196 గజాలు. మా 600 గజాల ఇంటిని అది తాకలేదు. ఎదురింటి దేశ్‌ముఖులు ఆవరణను భార్యాబిడ్డల పేర, అల్లుడి పేర ముక్కలు చేసి కాగితం మీద చిన్నవాళ్లయ్యారు. పరిమితి లోపలున్న ఇల్లు అమ్మినా అనుమతి కావాలన్న 27వ సెక్షనును భీంసింగ్‌జీ కేసులో సుప్రీంకోర్టు ఆ మేరకు కొట్టేసింది. మన రాష్ట్రంలో చట్టమే 2008లో పోయింది. 1987లో అపార్టుమెంట్ల చట్టం వచ్చాక చుట్టూ పాత ఇళ్లు ఒకటొకటే కూలి నాలుగైదంతస్తులు లేచాయి. వారసత్వ కట్టడాల రక్షణకని 1995లో పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనలు తెచ్చారు. 2015లో వాటినీ తీసేశారు. అయినా ఇటువంటి మామూలు మధ్యతరగతి ఇంటిని ఆ జాబితాలో ఎవరూ ఎన్నడూ రాయలేదు. పాలెస్‌కే దిక్కులేదు. సైఫాబాదు పాలెస్‌ను 2020 జులైలో పాత సచివాలయంతో పాటు నేలమట్టం చేశారు. 2023 ఏప్రిల్ 30న కొత్త సచివాలయం తెరిచారు.

మరి మా ఇల్లు ఎందుకు కూలలేదు? పాత గోడల మీద ప్రేమ వల్ల కాదు. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం ఎంత ఎత్తు కట్టవచ్చునన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది. మా సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కు పోవాలి. ఆ ఇరుకు సందే ఆ ఇంటి ప్రాణం కాపాడింది. కూల్చి కడితే గిట్టదు గనక పూత పూసి అమ్ముతున్నారు.

మిత్రుడి కొడుకుతో పాటు నేనూ ఇల్లు చూడటానికి వెళ్లాను. గోడల మందం, గర్డర్ల పరిస్థితి అడిగితే బ్రోకరు నవ్వాడు. “ఇల్లు గురించి ఎందుకు సార్, జాగా చూడుండ్రి. మెట్రో మూడు నిమిషాలు, నీలోఫర్ అయిదు నిమిషాలు, సెక్రటేరియట్ దగ్గర. ఇల్లు ఫ్రీ అనుకోండి” అన్నాడు. అర్థశాస్త్ర గ్రంథాలు పది పేజీల్లో చెప్పేది అతను ఒక్క మాటలో చెప్పాడు. ఆ గజం ధరలో ఏముంది? రైలు పట్టాలున్నాయి. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ నీళ్లున్నాయి. 1953లో తెరిచిన నీలోఫర్ ఆసుపత్రి, 1961లో తెరిచిన రవీంద్రభారతి ఉన్నాయి. 2018 సెప్టెంబరులో ఈ పేటకు వచ్చిన మెట్రో ఉంది. ఇవన్నీ జనం పన్నులతో, కూలీల రెక్కలతో వచ్చినవి. ఇంటి యజమాని వాటిలో ఒక్క ఇటుక పేర్చలేదు. అయినా వాటి విలువంతా అతని గజాల్లోకి ఇంకిపోయింది. ఆ విలువను పేర్చినవాళ్లలో ఒకరికి కూడా లక్డీకాపూల్‌లో ఇల్లు లేదు.

పూత పని జరిగిన నాలుగు నెలలు పనివాళ్లు ఆ ఇంట్లోనే పడుకున్నారట. తాపీ పనికి పాలమూరు వాళ్లు, పలకలు పరచడానికి రాజస్థాన్ నుంచి, రంగులకు బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఈ నగరం ఆనకట్టలకూ మేడలకూ పాలమూరు కూలీని వాడుకుంటూనే ఉంది. ఆ నాలుగు నెలలూ తలుపులు లేని ఆ గదుల్లో, పాత షాబాదు బండల మీద, అంతమంది కష్టజీవులు ఒకేసారి నిద్రపోవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు అయి ఉంటుంది. పలకలు పరిచిన రోజున ఖాళీ చేశారు.

కుర్రవాడు ఇక్కడ ఒక పోలిక తెచ్చాడు. తిరిగి రాకముందు యొకొహామా శివారులో మరమ్మతు చేసిన పాత కుటుంబగృహం ఒకటి కొందామని చూశాడట. ఆ ప్రకటన కాగితం చూపించి, నాకు వరసగా చదివి చెప్పాడు. కట్టిన సంవత్సరం, నెల. కొయ్యతో కట్టిన ఇల్లు అని. నేల విస్తీర్ణం, ఇంటి విస్తీర్ణం వేరువేరుగా. నేల సొంతహక్కా, కౌలుహక్కా అన్నది. స్టేషనుకు ఎన్ని నిమిషాల నడక అన్నది. అక్కడ నిమిషానికి 80 మీటర్లని లెక్క కట్టాలట, బ్రోకరు నోటికొచ్చినట్లు చెప్పడానికి లేదు. మరమ్మతు ఏ నెలలో, ఏయే భాగాలకు జరిగిందో కూడా రాశారు. 1981 జూన్‌లో అక్కడ భూకంపాలకు తట్టుకునే కొత్త నిర్మాణ నియమాలు వచ్చాయి, ఇల్లు ఆ తేదీకి ముందుదా తరవాతదా అన్నది ప్రతి కొనుగోలుదారూ అడుగుతాడట. మన బోర్డు మీద వాస్తు తప్ప ఇంటి వయసు లేదు. నాకు ఆ కాగితం ముచ్చటగా తోచింది.

అయితే ఆ మర్యాద కింద ఉన్నది కూడా చూడాలి. అక్కడి పన్నుల లెక్కలో కొయ్య ఇంటి ఆయుష్షు 22 ఏళ్లు. ఆ తరవాత ఇంటికి విలువ దాదాపు సున్నా, ధరంతా నేలదే. మా బ్రోకరు నోటి మాటగా చెప్పింది వాళ్లు పట్టిక వేసి చెబుతున్నారు, అంతే తేడా. 2023 సర్వేలో ఆ దేశంలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా తేలాయి, నూటికి దాదాపు పద్నాలుగు. ముసలివాళ్లు పోయారు, పిల్లలు టోక్యో చేరారు, ఊళ్లూ శివార్లూ ఖాళీ అయ్యాయి. ఖాళీ ఇంటిని వాళ్లు అకియా అంటారట. నిజంగా మనుషులు లేని ఖాళీ అది. అద్దెదారును వెళ్లగొట్టడానికి తగిన కారణం చూపాలన్న నియమం అక్కడ 1941లోనే, అదీ యుద్ధ ప్రభుత్వమే, చట్టంలో పెట్టింది. ఫ్యాక్టరీ కార్మికుడు, సైనికుడి కుటుంబం వీధిన పడితే యుద్ధం సాగదు గనక పెట్టింది. పాలకవర్గానికి మనుషులు అవసరమైనప్పుడు ఇంటి యజమాని హక్కు కూడా వంగుతుంది. మన దగ్గర ఖాళీ అనే మాట వేరు. అది ఇంటి స్థితిని చెప్పే మాట కాదు, ఎవరిని లెక్కపెట్టాలో తేల్చే మాట. 1951లో, 1961లో నానీమా ఆ ఇంట్లో ఉంది, ఇల్లు ఖాళీగా ఉంది. రెండూ నిజమే, ఒకటి బావి దగ్గర నిజం, రెండోది కాగితం మీద నిజం.

ఇల్లు చూసి వస్తుంటే వెనకాల బావి పూడ్చినచోట ఒక రేకుల షెడ్డు కనిపించింది. వాచ్‌మన్ కుటుంబం. వనపర్తి వైపు వాళ్లట, ఆరేళ్లనుంచీ ఉంటున్నారు. కూతురు నాంపల్లి సర్కారు బడిలో తొమ్మిది చదువుతోంది. మరమ్మతు జరిగినన్నాళ్లూ సిమెంటు బస్తాలకు కాపలా ఆ కుటుంబమే. అమ్మకం ముసాయిదాలో చూశాను. ఇప్పుడు కంప్యూటరులో తయారైన తెలుగు కాగితం. ‘సదరు ఇంటిని ఖాళీగా మీకు స్వాధీనపరచడమైనది.’ ఆ షెడ్డు సంగతి ఏమిటని బ్రోకరును అడిగితే, “వాళ్లు కిరాయిదార్లు కాదు సార్, రిజిస్ట్రేషన్ రోజు పంపేస్తం” అన్నాడు.

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, “పరీక్షలు ఏప్రిల్‌దాకా ఉంటయ్ గద బాబాయ్” అన్నాడు. ఉంటాయన్నాను. పరీక్షలయ్యాక వాళ్లు ఎక్కడికి పోతారో నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ముసాయిదాలో ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన షెడ్డులో ఎందరున్నారో రాసి, కాగితాలు తిరిగి ఇచ్చాను. రిజిస్ట్రేషను ఇంకా కాలేదు.